ట్రే వంక చూడకు

మోకాలి నొప్పి ఏ కాలికో తాతయ్యకు ఒక్కోసారి గుర్తుండేది కాదు. పొద్దున కుడికాలు కుంటితే సాయంత్రానికి ఎడమకాలు కుంటేవాడు. ఇంట్లో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. ముసలితనం వచ్చాక నొప్పి ఏ కాలికైతేనేం అనుకున్నారు. అసలు సంగతేమిటంటే ఆయన మోకాళ్లు రెండూ గుండ్రాళ్లలా ఉన్నాయి. పాడైంది కుడిచెయ్యి.

ముప్పై ఎనిమిదేళ్లు ఒకే హోటల్లో పనిచేసిన మనిషి. సర్వర్‌గా చేరి, చివరి పదకొండేళ్లు హెడ్ సర్వర్‌గా ఉన్నాడు. ఆరు సూపు గిన్నెలు నిండా నింపి ట్రేలో పెట్టుకుని, కుర్చీల సందుల్లోంచి నడిచి వెళితే చుక్క ఒలికేది కాదు. రెండేళ్ల కిందట ఒకనాడు అలాంటి గిన్నె ఒకటి ఓ పెద్దమనిషి తెల్లచొక్కా మీద బోర్లాపడింది. పెద్దమనిషి నవ్వి ఊరుకున్నాడు. హోటల్ ఓనరు మాత్రం తన గదిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, కుర్చీ చూపించి, "ఇంక కాస్త విశ్రాంతి తీసుకోండి" అన్నాడు. ఓనరు మంచివాడు. తిట్టినా బాగుండేది.

ఆయన ఇంటికొచ్చి మోకాళ్లు పనిచెయ్యడం లేదని చెప్పాడు. ఆ రోజునుంచి కుంటుతూనే ఉన్నాడు.

చెయ్యి ఊరికే ఉన్నప్పుడు బుద్ధిగా ఉంటుంది. ఏదన్నా అందుకోబోతేనే వణుకుతుంది. అందుకని కప్పులో టీ సగమే పోసుకునేవాడు. మోచెయ్యి డొక్కకు నొక్కిపెట్టి తాగేవాడు. అందరూ తిన్నాక వంటింట్లో గోడవైపు తిరిగి కూర్చుని తినేవాడు. ఎవరన్నా వస్తే, "ఇప్పుడే అయిపోయింది" అని లేచిపోయేవాడు. కడుపు మాడినా సరే.

ఇంత అవస్థ ఎందుకంటే, దానికో కారణముంది. ఆయన తండ్రి వాచీలు బాగుచేసేవాడు. ఆయన చెయ్యీ ఇలాగే వణికేది. జన్మలో చుక్క ముట్టని మనిషిని వీధి వీధంతా తాగుబోతు అంది. అప్పటికి పదేళ్ల పిల్లాడైన తాతయ్య ఆ మాట నమ్మాడు కూడా. ఒకరోజు స్నేహితులతో వస్తూ, ఎదురుగా వస్తున్న తండ్రిని చూసి, ఎవరో తెలియనట్టు తల తిప్పుకుని రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్లిపోయాడు. తండ్రి పిలవలేదు. అరవై ఏళ్లు గడిచినా ఆ పిలవకపోవడం తాతయ్య చెవుల్లో ఉంది. తన మనవరాలు తనని చూసి అలా తల తిప్పుకుంటే ఆ రోజు తను బతకనక్కర్లేదనుకున్నాడు.

ఆ మనవరాలికి పదహారేళ్లు. పిడుగు అని పిలుస్తాడు. చిన్నప్పుడు ఇంట్లో పడ్డ పిడుగే. ఇప్పుడు మాత్రం ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"నాన్నా, ఆఫీసులో రెండు టిక్కెట్లిచ్చారు," అంది కూతురు ఒకరోజు. "నాటకం చూస్తూ భోజనం చేస్తారట. కడుపుబ్బ నవ్విస్తారట. దాన్ని తీసుకెళ్లు."

"నాకు మోకాళ్లు..."

"మోకాళ్లతో నవ్వవు కదా నాన్నా! నా మాట విను. నాలుగు నెలలైంది అది బొమ్మలు మానేసి. బ్రష్షులన్నీ పక్కింటి పాపకిచ్చేసింది. అడిగితే బోరు అంటుంది. ఎవడన్నా తగిలాడేమోనని నాకు భయంగా ఉంది. నీ దగ్గరైతే నోరు విప్పుతుంది."

భోజనం అనగానే తాతయ్య గుండెల్లో రాయి పడింది. అయినా పిల్ల సంగతి కదా. సరేనన్నాడు. ఆకలి లేదంటే సరిపోతుంది, కూర్చుని అడగాల్సింది అడిగి వచ్చేస్తే సరి అనుకున్నాడు.

హాలు బాగానే ఉంది. ఓ ముప్పై గుండ్రటి బల్లలు, తెల్లటి గుడ్డలు, ఎదురుగా మోకాలెత్తు స్టేజీ. వీళ్ల బల్ల స్టేజీ పక్కనే వచ్చింది. తాతయ్య కూర్చోకముందే అక్కడి పనిని ఓ చూపు చూశాడు. ఫోర్కులు వంకరగా పెట్టారు. చేతిరుమాళ్లు మడిచినవాడెవడో నిద్రలో మడిచాడు. గ్లాసు అంచు పట్టుకుని తెచ్చిపెడుతున్నారు, రామ రామ.

పిడుగు స్వెటర్ జేబుల్లో చేతులు పెట్టుకుని కూర్చుంది.

"చేతులు తియ్యవే. బల్ల దగ్గర అలా కూర్చుంటారా?"

"చలి."

"చలా! నాకు చెమటలు పడుతుంటే?"

పిడుగు పళ్లరసం తెచ్చిన అబ్బాయిని స్ట్రా అడిగింది. బల్లమీది గ్లాసు బల్లమీదే ఉంచి, వంగి తాగింది. ఈ కాలం పిల్లలకు గ్లాసెత్తడానికి కూడా బద్ధకమే అనుకున్నాడు తాతయ్య. ఈ పిల్లకే కదా ఏడేళ్లప్పుడు ట్రే పట్టడం నేర్పాడు! హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు, మూడు గ్లాసుల నీళ్లతో. "ట్రే వంక చూడకు, చూస్తే ఒలుకుతుంది. వెళ్లే చోటు చూడు" అంటూ వెనకాలే నడిచేవాడు. వారం తిరిగేసరికి చుక్క ఒలక్కుండా తెచ్చి, "చూశావా హెడ్ సర్వర్!" అని తొడగొట్టింది.

సూపు వచ్చింది. పొగలు కక్కుతున్న రెండు గిన్నెలు ఇద్దరి ముందూ పెట్టారు.

"తినవేం?" అన్నాడు.

"వేడిగా ఉంది. నువ్వో?"

"నేనూ ఆరాలనే."

సూపు ఆరింది. ఆరి, పైన పల్చగా మీగడలా కట్టింది. ఇద్దరూ చెంచా ముట్టలేదు. గిన్నెలు తియ్యబోయిన అబ్బాయితో తాతయ్య, "ఉంచు బాబూ, తింటాం" అన్నాడు. అన్నాం కాబట్టి తినాలన్న రూలేం లేదు కదా.

ఇంక మీనమేషాలు లెక్కపెట్టకుండా అడిగేశాడు. "బొమ్మలెందుకు మానేశావే?"

"బోరు కొట్టింది."

"నాలుగేళ్లప్పుడు మొదలెట్టి ఇంట్లో గోడ మిగల్చలేదు. పన్నెండేళ్లు కొట్టని బోరు ఇప్పుడు కొట్టిందా?"

పిడుగు ఆయన మొహంలోకి చూసింది. "తాతయ్యా, ఇందాక మెట్లెక్కేటప్పుడు కుడికాలు కుంటావు. నిన్న ఎడమ కాలు కదా?"

తాతయ్య నీళ్లు నమిలాడు. "రెండూనే. ఒకదాని తర్వాత ఒకటి."

"ఓహో," అంది. మళ్లీ స్టేజీ వైపు తిరిగింది. అడగడానికొచ్చిన వాడు తనే బోనెక్కినట్టయింది. అంతలో దీపాలు తగ్గాయి.

నాటకం ఓ హోటల్లో జరుగుతుంది. కొత్తగా హోటల్ తెరిచిన కంగారు ఓనరు, చెవుడున్న వంటాయన. జనం మొదటి మాటకే నవ్వడం మొదలెట్టారు. తాతయ్యకు కూడా నవ్వొచ్చింది, తన ఓనరూ మొదట్లో ఇలాగే కంగారు పడేవాడు. తర్వాత తలుపు తోసుకుని ముసలి సర్వరొచ్చాడు. వాడి పేరు గడగడ. పాతికేళ్ల కుర్రాడు తలకు తెల్లపొడి పూసుకున్నాడు. చేతిలో ట్రే. ఆ ట్రే, ఆ చెయ్యి, భుజాలు, గడ్డం, అన్నీ గడగడ వణుకుతున్నాయి.

హాలు దద్దరిల్లింది.

తాతయ్యకు పైప్రాణాలు పైనే పోయాయి. బల్లకింద ఎడమచేత్తో కుడిచెయ్యి మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. స్టేజీ మీద గడగడ ఓనరు కప్పులో టీ పొయ్యబోయి జేబులో పోశాడు. ఉప్పు చల్లమంటే మంచు కురిపించాడు. పక్క బల్ల దగ్గర ఓ లావుపాటాయన నవ్వలేక బల్ల చరుస్తున్నాడు. తాతయ్య మెల్లగా మనవరాలి వైపు చూశాడు. పిడుగూ నవ్వింది. అందరికంటే కాస్త ఆలస్యంగా, అందరికంటే కాస్త గట్టిగా.

నవ్విందన్న మాట! పెంచిన రోజులు గుర్తురాలేదు ఆయనకు, ట్రేతో నేర్పిన నడక గుర్తురాలేదు. ఆ నవ్వొక్కటే వినపడింది. ఇంకేం అడగదలచుకోలేదు. నాటకం అయిపోతే ఇంటికెళ్లి పడుకుంటే చాలనుకున్నాడు.

అప్పుడే గడగడ స్టేజీ దిగాడు. ట్రేలో ఎనిమిది గ్లాసులు, ఓ గుప్పెడు చెంచాలు. బల్లల మధ్య ఊగుతూ, జారుతూ, ఒక్కొక్కరి ఒళ్లోకి వంగుతూ వస్తున్నాడు. జనం కేకలేస్తున్నారు. పక్క బల్ల దగ్గరి ఒకావిడ ముందుకొచ్చేసరికి ట్రే ఓ పక్కకు పూర్తిగా ఒరిగింది.

తాతయ్య ఆలోచించలేదు. ఆలోచించే పనే అయితే ఆయన అక్కడ కూర్చునే ఉండేవాడు. పడబోయే ట్రే కనపడితే లేవడం ముప్పై ఎనిమిదేళ్ల అలవాటు. ఒక్క ఉదుటున లేచాడు, రెండంగల్లో చేరుకున్నాడు, కుంటడం కూడా మరిచిపోయాడు. ట్రే అడుగున అరచెయ్యి వేసి కుర్రాడి చేతిలోంచి ఎత్తేశాడు.

ఎత్తగానే తెలిసింది. గ్లాసులన్నీ ట్రేకు జిగురుతో అంటించి ఉన్నాయి. తలకిందులు చేసినా పడవు. ఎవర్ని నమ్మించడానికి పెట్టారో గానీ, ఆ హాలంతటికీ అసలు సిసలు సర్వరొక్కడే ఉన్నాడు, ఆయనే మోసపోయాడు.

చెంచాలకు మాత్రం జిగురు లేదు. తాతయ్య అరచెయ్యి వణకడం మొదలెట్టింది. చెంచాలు గలగలమన్నాయి. ఆపుదామని బిగపట్టేకొద్దీ ఇంకా గలగలమన్నాయి. తర్వాత ఆ సాయంత్రం మొత్తంలో రానంత నవ్వు వచ్చింది. గడగడ కుర్రాడు పక్కన చేరి తనూ వణుకుతూ, "అదరగొట్టారు సార్, ఇంకొంచెం, ఇంకొంచెం" అన్నాడు చెవిలో. వాడి వణుకు సరిగా లేదని తాతయ్యకు అంత గొడవలోనూ తోచింది. వాడు ఊరికే నిలబడి కూడా వణుకుతున్నాడు. నిజం వణుకు అలా ఉండదు.

అంతమందిలో నవ్వని మొహం ఒక్కటే కనిపించింది. పిడుగు నోరు తెరుచుకుని ఆయన చేతినే చూస్తోంది. జాలి కాదు, సిగ్గూ కాదు. పరీక్షలో ప్రశ్న చదువుతున్నట్టు చూస్తోంది.

తాతయ్యకు ఒక్కటే దారి కనపడింది. ట్రే కుర్రాడి చేతిలో పెట్టేసి, నడుం వంచి జనానికి నమస్కారం పెట్టాడు. చప్పట్లు మోగాయి. ఓనరు వేషంవాడు స్టేజీ మీంచి, "ఈ పెద్దాయన్ని రేపట్నుంచి పన్లో పెట్టుకుంటున్నా!" అని అరిచాడు. తాతయ్య నవ్వుమొహంతో, తేలు కుట్టిన దొంగలా వచ్చి కూర్చున్నాడు.

"తాతయ్యా." పిడుగు గొంతు బాగా చిన్నగా ఉంది. "ఇందాక... నటించావా?"

అవునంటే గుట్టు దక్కుతుంది. కాదంటే రెండేళ్ల కష్టం బూడిదలో పోసినట్టే. ఆయనకు రోడ్డు దాటి వెళ్లిపోయిన పదేళ్ల పిల్లాడు కనిపించాడు.

"మరేమనుకున్నావే? ఆ కుర్రాడి కంటే నేనే బాగా చేశాను కదూ?"

పిడుగు మొహంలో ఏదో వెలిగినట్టే వెలిగి ఆరిపోయింది. "ఊఁ. బాగా చేశావు," అంది. తల తిప్పుకుంది.

గండం గడిచిందనుకున్నాడు తాతయ్య. మిగతా వడ్డనలు ఇద్దరూ ముట్టకుండానే వెనక్కి వెళ్లాయి, ఐస్‌క్రీం కప్పులొచ్చాయి. స్టేజీ మీద వంటాయనా ఓనరూ కొట్టుకుంటున్నారు. జనమంతా అటే చూస్తున్నారు. తాతయ్య ఒక్కడే ఇటు చూశాడు, అదీ ఎందుకో తెలియకుండానే.

పిడుగు కుడిచెయ్యి జేబులోంచి తీసింది. ఎవరూ చూడట్లేదని అటూ ఇటూ చూసుకుంది. మోచెయ్యి డొక్కకు నొక్కిపెట్టుకుంది. గోడవైపు కాస్త తిరిగి, కప్పుమీదికి మొహం వంచి, చెంచా అందుకుంది.

చెంచా కప్పు అంచుకు తగిలి టకటకటకమంది.

వెంటనే వదిలేసి చెయ్యి జేబులో దాచేసుకుంది.

తాతయ్య ఆ జేబు వంకే చూశాడు. ఎవరూ నేర్పకుండానే ఆ డొక్కకు నొక్కడం, ఆ గోడవైపు తిరగడం ఎక్కడివి దీనికి? స్ట్రా అందుకా? చలి అందుకా? సూపు ఆరేదాకా కూర్చున్నది అందుకా? సన్నటి బ్రష్షు పట్టుకుంటే గీత వంకర్లు పోయి, పక్కింటి పాపకిచ్చేసింది అందుకా? ఆ గట్టి నవ్వు కూడా అందుకేనా? ఈ వణుకు తండ్రి నుంచి తనకొచ్చింది. కూతుర్ని వదిలేసింది కదా, పీడ పోయిందనుకున్నాడు. రక్తంలో ఉందని తెలుసు. తెలిసి ఒక్కరి దగ్గరా నోరెత్తలేదు. ఇందాక పిల్ల అడిగింది తన గుట్టు కోసం కాదు. దాని సంగతే అడిగింది. తను చప్పట్లు లెక్కపెట్టుకున్నాడు.

ఆయన సూపు గిన్నె ముందుకు లాక్కున్నాడు. చెంచా నిండా ముంచాడు. మోచెయ్యి గాల్లోకి ఎత్తి, డొక్కకు ఆనించకుండా, నిటారుగా కూర్చుని నోటిదాకా తెచ్చుకున్నాడు. దారిలోనే సగం చొక్కా మీద పడింది. మళ్లీ ముంచాడు. మళ్లీ పడింది.

పక్క బల్ల లావుపాటాయన చూసి, "అబ్బో, ఈయనింకా ఆపలేదే!" అని పడీపడీ నవ్వాడు.

"తాతయ్యా, ఆపు. అందరూ చూస్తున్నారు," అంది పిడుగు కంగారుగా.

"చూడనీ. ఇది నటన కాదే. ఇందాక నీకు అబద్ధం చెప్పాను. మోకాళ్లదీ అబద్ధమే. నా కాళ్లు లక్షణంగా ఉన్నాయి."

పిడుగు ఆయన తడిసిన చొక్కా వంక చూసింది. తర్వాత కుడిచెయ్యి తీసి బల్లమీద, ఆయన చేతి పక్కన పెట్టింది. చెయ్యి కదలకుండా ఉంది. ఎదుటి చెంచా కోసం చాపింది. వేళ్లు వణికాయి. ఇద్దరూ ఆ వేళ్ల వంకే చూశారు.

"నాకొక్కదానికే అనుకున్నా," అంది. "నెట్‌లో చూస్తే ఏవేవో రోగాలు రాసున్నాయి. చచ్చిపోతానేమో అనుకున్నా తాతయ్యా. అమ్మకెలా చెప్పాలో తెలీలేదు."

"నాలుగు నెలలా?"

"నాలుగు నెలలు."

నాలుగు నెలలూ ఒకే ఇంట్లో ఉన్నారు. ఈయన వంటింట్లో గోడవైపు తిరిగి, అది తన గదిలో తలుపేసుకుని. తాతయ్యకు ఏడుపొచ్చింది. ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

"ఇది తగ్గుతుందా?"

"నాకు తగ్గలేదు. మా నాన్నకీ తగ్గలేదు. దీనితోనే బతికాం గానీ, దీనివల్ల ఎవరం చావలేదు. డాక్టరుకు చూపిస్తే ఏమయ్యేదో తెలీదు. సిగ్గుపడి చూపించుకోలేదు."

"మీ నాన్నకా?" పిడుగు కళ్లు చిట్లించింది. "అంటే ఇది మనింట్లో వస్తుందని నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ చెప్పలేదా? ఎవరికీ?"

"చెప్పలేదు."

పిడుగు మొహం ఎర్రబడింది. కుర్చీ వెనక్కి లాక్కుని అటు తిరిగి కూర్చుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. తాతయ్య చెయ్యి వెయ్యబోయి ఆగిపోయాడు. ఆ తల తిప్పుకోవడానికే కదా రెండేళ్లుగా భయపడ్డాడు. వచ్చింది. తిప్పుకోవడానికి దానికి హక్కుంది. తన తండ్రిలా పిలవకుండా మాత్రం ఉండదలచుకోలేదు.

"పిడుగూ," అన్నాడు. "పిడుగూ," అన్నాడు మళ్లీ.

"బొమ్మల సంగతి?" అంది, ఇటు తిరగకుండానే.

మళ్లీ వేస్తావులేవే అందామని నోటిదాకా వచ్చింది. ఒక్క సాయంత్రానికి ఒక్క అబద్ధం చాలనుకున్నాడు. "తెలీదే. రేపు ఇద్దరం డాక్టరు దగ్గరకెళ్దాం. అమ్మకు ఇవాళే నేను చెప్తాను. అన్నీ చెప్తాను."

"ఏడుస్తుంది."

"ఏడవనీ. తర్వాత నన్ను దులిపేస్తుంది. దులిపించుకోవాల్సిన వాణ్ణే."

పిడుగు మెల్లగా ఇటు తిరిగింది. కళ్లు తుడుచుకుంది. కోపం పోలేదు, మొహం నిండా అలాగే ఉంది. ఎదురుగా చల్లారిన సూపు గిన్నె కూడా అలాగే ఉంది. సాయంత్రం నుంచీ ఏమీ తినలేదు పిల్ల. చెంచా అందుకుంది, ముంచింది, దాని వంకే గుడ్లప్పగించి చూస్తూ పైకెత్తింది. చెంచా వణికింది. సూపంతా గిన్నెలోనే పడిపోయింది.

"చెంచా వంక చూడకు," అన్నాడు తాతయ్య. "నా వంక చూడు."

చూసింది, ఆ కోపంతోనే. చూపు తిప్పకుండా మళ్లీ ముంచి ఎత్తింది. సగం తెల్లగుడ్డ మీద పడింది. సగం నోట్లోకి వెళ్లింది.

"మనవరాలూ తక్కువది కాదురోయ్!" అని పక్క బల్ల నుంచి నవ్వులు, చప్పట్లు వినపడ్డాయి. వాళ్లిద్దరూ అటు తిరగలేదు.

"ఇంకో చెంచా," అన్నాడు తాతయ్య.